అలుగు మెట్ల కిన్నెర

కారేపల్లి అవతల ఎవరింట్లోనో అటక మీద, చీమలు తినే అడవిజంతువు అలుగు పొలుసులు దొరికాయట. ఈ మాట దడి అవతలి ఇంటి యశోదకు ఆమె ఆడబిడ్డ చెప్పింది. ఆడబిడ్డకు మిరపతోటలో కాయలేరుతుంటే పక్క సాలు మనిషి చెప్పింది. యశోద మాత్రం ఫారెస్టోళ్ళ జీపు వెనకాల తానే పరుగెత్తి చూసొచ్చినట్టు చేతులు తిప్పుతూ గంగక్కకు చెప్పింది.

"కొంటనని ఒకాయన వచ్చిండట వదినా. తెల్లంగి, చేతికి గడియారం, మాటలు బెల్లం పాకం. ఆ ఇంటోడు ఆశపడి సంచి దించి ముందర పెట్టిండట. గంతే! చెట్ల సాటు నుంచి ఫారెస్టోళ్ళు దిగిండ్రు. అంగి తొడుక్కుంట ఆగుండ్రి అన్నా ఆగలేదంట. బెయిలు గూడ వస్తలేదంట."

"అమ్మబోయిండు గాబట్టి పట్టుకున్నరు," అంది గంగక్క, చింతపండులోంచి గింజ తీస్తూ. "ఇంట్ల ఊకె పడున్నదాన్నేమంటరు?"

"ఇంట్ల ఉంటేనే తప్పంట వదినా. పులి గోరు ఎంతో అలుగు పొలుసు గంతేనంట ఇప్పుడు."

యశోద కొంగు దులుపుకుని లేచింది. వెళ్ళేటప్పుడు అటక వైపు చూడలేదు. ఎప్పుడూ ఇల్లంతా కళ్ళతో ఊడ్చిపోయే మనిషి చూడకుండా పోయేసరికి గంగక్కకు గుండెలో రాయి పడింది. గంగక్క ఇంటి అటక మీద ఏముందో గూడెంలో తెలియని మనిషి లేదు.

అటక మీద, పాత నేతచీరలో చుట్టి, తల్లి కిన్నెర ఉంది.

గంగక్క పెనిమిటి జంపయ్యది కిన్నెరలు చేసే ఇల్లు. తల్లి కిన్నెరను ఆయన తాత చేశాడు. ఆ కాలంలో అలుగు దొరికితే కుందేలు దొరికినట్టే. కూర గూడెమంతా పంచుకునేవాళ్ళు, పొలుసులు మాత్రం కిన్నెర ఇంటికి వచ్చేవి. బండ మీద నూరి, గోరంత చేసి, వెదురు బొంగు మీద, తీగను నొక్కే చోట్ల, తేనెమైనంతో మెట్లుగా నిలబెట్టేవాళ్ళు. ఉక్కు తీగ ఏళ్ళ తరబడి రాసుకున్నా ఆ మెట్టు అరగదు. మైనంలో దీపం మసి కలుపుతారు, ఎండకు జారకుండా. వెదురును అమాస ముందర నరుకుతారు, పురుగు పట్టకుండా. కింద కట్టే సొరబుర్రలు తీగ మీదనే ఎండి, ఊపితే లోపల గింజ గలగలమనాలి. ఇదంతా చూసి నేర్చుకోవచ్చు. మెట్ల మధ్య ఎడం మాత్రం చూస్తే రాదు. వేల్పు పండగకు ఇంటిపేర్ల పుట్టుక పాడేవాళ్ళు ములకలపల్లి అవతలి ఊళ్ళ నుంచి కూడా వెతుక్కుంటూ వచ్చేది ఆ ఎడం కోసమే. పాట ఆ మెట్ల మీద నడిచి అలవాటు పడింది.

అందుకే ఆ ఇంట్లో ఒక కట్టడి. తల్లి కిన్నెర మెట్టు ఎప్పుడైనా వదులైతే ఆ ఒక్కదాన్నే తీసి, ఆ జాగాలోనే మళ్ళీ అతికిస్తారు. మైనం గట్టిపడి, దాని పలుకు పక్కవాటి పలుకుతో కలిసిందాకా రెండోదాన్ని ముట్టుకోరు. ఇంటి నిట్టాళ్ళు మార్చినట్టే. అన్నీ ఒక్కసారి పీకితే కప్పు నెత్తిన పడుతుంది.

అమ్మిన కిన్నెరల మీద మెట్లు నిలవవు. కొన్నవాళ్ళు ఎండలో తిప్పుతారు, తమ గొంతుకు తగ్గట్టు ఇటో అటో జరుపుకుంటారు. ఉన్నచోటు నుంచి కదలనిది తల్లి ఒక్కటే.

ఇంకో సంగతి గంగక్కకు, కోడలు శ్యామలకు తప్ప పై మనిషికి తెలియదు. జంపయ్యకు చెవులు పోయాయి. కొన్నేళ్ళు ఎండాకాలం కంకర క్వారీలో మందు పేల్చే పనికి పోయాడు. ఆ మోతలు ముందు సన్నటి శబ్దాలను తినేశాయి, తర్వాత మాటలను తిన్నాయి. ఇప్పుడు చెవి దగ్గర అరిస్తే సగం అందుతుంది. అయినా కిన్నెరలు చేస్తూనే ఉన్నాడు. కొత్త బొంగును తల్లి పక్కన పడుకోబెట్టి బొటనవేలితో ఎడం కొలుస్తాడు. తల్లి కొసను పళ్ళ మధ్య కరిచి పట్టి తీగ మీటుతాడు. తర్వాత కొత్తదాని కొస కరిచి మీటుతాడు. రెండు అదుర్లూ దవడలో ఒక్కలాగే పలికితే మెట్టు కుదిరినట్టు. పక్కన తల్లి లేకపోతే ఆయన చేతిలో ఉన్నది వెదురు ముక్కే. చెవుడు సంగతి బయటపడితే వెదురు ముక్కను కూడా ఎవరూ కొనరు. అందుకే ఎవరేమడిగినా "అవ్" అని తలూపడం నేర్చుకున్నాడు.

ఇన్నేళ్ళూ ఆ "అవ్"తోనే ఇల్లు గడిచింది. ప్రాణం మీదికి తెచ్చిందీ అదే.

కిందటి నెలలో శ్యామల సరదాపడి, మామ తల్లి కిన్నెర వాయిస్తుంటే ఫోన్లో తీసి నెట్లో పెట్టింది. ఊళ్ళవాళ్ళు, దూరపువాళ్ళు మెచ్చుకున్నారు. ఎవరో మాత్రం కింద రాశారు, ఆ మెట్లు అలుగు పొలుసులేనా అని. శ్యామల చదివి వినిపించేసరికి గంగక్క దాన్ని వెంటనే తీసెయ్యమంది.

"తీసేసిన అత్తమ్మా. ఇగ లేదు, చూడు," అని శ్యామల ఫోను చూపించింది. వీడియో తన ఫోన్లో నుంచి కూడా తుడిచేసింది.

"ఫోన్ల నుంచి తీసినవ్ బిడ్డా. చూసినోళ్ళ కండ్లల్ల నుంచి ఎట్ల తీస్తవ్?"

యశోద ఆ కబురు మోసుకొచ్చిన వారంలోనే తెల్లకారు వచ్చింది.

దిగినతను యాభైకి ఇవతలే ఉంటాడు. పేరు ఉదయ్ భాస్కర్ అన్నాడు. అశ్వారావుపేట దగ్గర పామాయిల్ తోట ఉందనీ, కృష్ణా జిల్లా నుంచి వచ్చి స్థిరపడ్డామనీ, పాత వాయిద్యాలు పోగేయడం సరదా అనీ చెప్పాడు. చల్లటి మాట. తెల్లచొక్కా. గంగక్క కళ్ళు ముందు అతని చేతి మీదికే పోయాయి. గడియారం ఉంది.

"పెద్దాయనా, పొలుసుల మెట్లున్న పాత కిన్నెర మీ దగ్గర ఉందటగా అండీ?"

జంపయ్య సొరబుర్ర లోపల ఇసుకతో రుద్దుతూ, తలెత్తి నవ్వి, "అవ్," అన్నాడు.

"అంటే నిజం అలుగు పొలుసులేనా?"

"అవ్."

"ఇచ్చే ఉద్దేశం ఉందాండీ?"

"అవ్, అవ్."

వాకిలూడుస్తున్న గంగక్క చీపురు పక్కన పడేసింది. పరుగున వచ్చి మధ్యలో నిలబడింది.

"ఆయన మాటలు పట్టుకోకు సారూ. ఏమడిగినా అవ్ అంటడు. నన్ను చేసుకుంటవా అంటే గూడ గట్లనే అన్నడు, ఇప్పటిదాంక అనుభవిస్తున్న." నవ్వింది. ఆ నవ్వు దగ్గులా వచ్చింది. "మాయన్నీ కొమ్ము మెట్లు సారూ. దున్నపోతు కొమ్ము."

"అలాగాండీ," అన్నాడు అతను. మంచినీళ్ళడిగాడు. చెంబెత్తి తాగుతున్నంతసేపూ చూపు అటక మీదే ఉంది. "మళ్ళీ వస్తానండి," అని చెంబు ఇచ్చేటప్పుడు చెప్పాడు.

ఆ సంగతి మొగుడికి చెప్పాలంటే అరవాలి. అరిస్తే దడి అవతల యశోద వింటుంది. గుట్టును గుసగుసగా చెప్పుకునే భాగ్యం కూడా లేని సంసారం అయిపోయింది గంగక్కది. కట్టెలు తేవాలనే వంకతో జంపయ్యను పత్తి చేను నడిమికి తీసుకుపోయి, నాలుగు దిక్కులూ చూసి, చెవిలో నోరు పెట్టి అరిచింది.

"నువ్వు అవ్ అన్నది ఏమనుకొని?"

"బుర్ర మంచిగెండిందా అని అడిగిండు గదా?"

అలుగు మాట చెప్పింది. కారేపల్లి మాట చెప్పింది. గడియారం చెయ్యి మాట చెప్పింది. జంపయ్య పత్తికాయ ఒకటి గిల్లాడు.

"మేమెవ్వలం సంపలే గదనే. తాత పెట్టినయి."

"మీ తాతనొచ్చి చెప్పమను జీపెక్కిచ్చెటప్పుడు!"

ఆయనకు కోపం రాలేదు. కొమ్ము మెట్లు వేద్దామన్నాడు. ఒక్కొక్కటే. ఒక పొలుసు తీసి ఒక కొమ్ము ముక్క, అది కుదిరాక ఇంకోటి. నూరిన కొమ్ము ముక్కలు ఉన్నాయి. మంచి మైనమే లేదు. ములకలపల్లి దిక్కు చెల్లెలి మొగుడు తేనె కొడతాడు, పొద్దున్నే పోయి తెస్తానన్నాడు.

"ఎన్నడైతదది?"

"పత్తి ఏరుడు అయ్యేసరికి అయితది."

"గప్పటిదాంక ఆగుతరా వాళ్ళు?"

ఆ మాట ఆయనకు వినబడలేదో, విననట్టున్నాడో. "అవ్," అన్నాడు.

మర్నాడు జంపయ్య మొదటి ఆటో ఎక్కి పోయాడు. శ్యామల కూలికి పోయింది. పొద్దు నడినెత్తికి వస్తుండగా చిరంజీవి బండి వచ్చి ఆగింది. జంపయ్య తమ్ముడి కొడుకు, అడవి కాపలాలో వాచర్‌గా చేస్తున్నాడు. బండి దిగలేదు, ఇంజను ఆపలేదు.

"పెద్దమ్మా, నేను రాలేదు, నువ్వు నన్ను చూడలేదు. రేపు పొద్దుగాల రేంజర్ సారు మనూరికొస్తుండు. ఎవలింటికో నాకు చెప్పలేదు. నన్ను గూడ రమ్మన్నరు. పెదనాయన ఇంట్ల ఉంటడా అని మాత్రం అడిగిండ్రు." ఒకసారి వెనక్కి చూసుకున్నాడు. "ఏమన్న ఉంటే జల్దీ సూసుకో," అని బండి తిప్పాడు.

గంగక్క గడప మీద కూలబడింది. ఎక్కడ దాచాలి? కిన్నెర నిలువెత్తు వస్తువు. మూడు బుర్రలు. పట్టపగలు భుజానేసుకుని పోతే ఊరంతా చూస్తుంది. గడ్డివాములో పెడితే మొదట పొడిచేది గడ్డివామునే. అడవిలోకా? చెట్లకు పులుల కోసం కెమెరాలు కట్టారు. పులికంటే ముందు మనుషులే పడుతున్నారు వాటిలో. మెట్లయితే మాత్రం పిడికెడు. పిడికెడు పొలుసులు రొంటినైనా దాగుతాయి.

ఆ ఆలోచన వచ్చాక ఇంకోటి రాలేదు. భయం అటువంటిది. ఒక్క కంత చూపించి, వేరే దోవలన్నీ మూసేస్తుంది.

తలుపు గడియ పెట్టి కిన్నెరను దించింది. కాపురానికి వచ్చినప్పటి నుంచి దాన్ని తుడిచింది, చీర మార్చి చుట్టింది. మెట్టు మీద మాత్రం ఎన్నడూ వేలు పెట్టలేదు. కత్తిమొన కింద దూర్చి లేపింది. మైనం టక్కుమని ఊడింది. ఊడిన పొలుసును ఏం చేయాలో తెలియక ఎదురుగా మండుతున్న పొయ్యిలో వేసింది. గుప్పున కంపు లేచింది, మనిషి వెంట్రుకలు తగలబెట్టినట్టు.

దడి అవతల నుంచి యశోద కేకేసింది. "ఏంది వదినా, గా కంపు?"

"కోడీకలు కాలుస్తున్న!"

"పండగ లేదు, సుట్టం లేడు. కోడేంది?"

"మీ అన్నకు బుద్ధి పుట్టి కొయ్యమన్నడు!"

అనడమైతే అంది. అంత మాట అన్నాక వాకిట్లో ఈకలు లేకపోతే? యశోద ఏ క్షణాన్నయినా చారు గిన్నె పట్టుకుని వస్తుంది. గంగక్క పెరట్లోకి పోయి, పొదగడానికి కూర్చున్న పెట్టను గుడ్ల మీద నుంచి లేపి మెడ తిప్పింది. ఏడుపు వచ్చినా చెయ్యి ఆపలేదు. ఈకలు పీకి దడి పక్కనే కనబడేటట్టు పోసింది. చేతుల నెత్తురు కడుక్కుని మళ్ళీ లోపలికి వచ్చి తలుపేసుకుంది.

మిగిలిన మెట్లు తీస్తూ, బుద్ధి తెచ్చుకుని, పొయ్యిలోని బొగ్గుతో ఒక్కో జాగాలో ఒక్కో గీత పెట్టింది. మొదటిదాని జాగాలో కూడా మైనం మచ్చ చూసి గీత పెట్టింది. ఊడినవన్నీ గుడ్డలో మూట కట్టింది. గీతలున్నాయి గదా, వాళ్ళు వచ్చిపోయినాక ఆయన కూర్చుని కొమ్ము మెట్లు అతికించుకుంటాడు, అనుకుంది. అప్పుడే కొంచెం ఊపిరి ఆడింది.

వీధిలో బండి చప్పుడయింది. వాకిటి ముందుకొచ్చి ఆగింది.

రేపన్నవాళ్ళు ఈరోజే వచ్చారు! గంగక్కకు గీతలు కనబడ్డాయి, మైనం మచ్చలు కనబడ్డాయి. ఇక్కడ మెట్లుండేవి, ఇప్పుడే పీకాను అని ఆ బొంగు నోరు తెరిచి చెబుతున్నట్టే ఉంది. పొయ్యిలోంచి పిడికెడు బూడిద తీసి, తడి పీచుతో, అడుగంటిన గిన్నెను తోమినట్టు తోమింది. పైనుంచి కిందికి, కిందినుంచి పైకి. మచ్చ పోయిందాకా, కత్తితో గీకి మరీ రుద్దింది.

"చేపలూ! చెరువు చేపలూ!"

చేపలమ్మే బండి. గంగక్క తలుపు సందులోంచి చూసి, వెనక్కి తిరిగి బొంగును చూసింది. పసుపుపచ్చగా, కొత్తగా నరికినదానిలా మెరుస్తోంది. వేలితో తడిమింది. ఎక్కడా ఏమీ తగల్లేదు.

దాన్ని మళ్ళీ చీరలో చుట్టి అటకెక్కించింది. మూటను రొంటిన దోపుకుని, బట్టలుతకను పోతున్నట్టు వాగుకు పోయి, ఉరవడి ఉన్నచోట విప్పి వదిలేసింది. పొలుసులు మునగకుండా కాసేపు పైననే తిరిగాయి. ఎవరన్నా వస్తారేమోనని అవి కొట్టుకుపోయిందాకా అక్కడే నిలబడింది.

జంపయ్య పొద్దుగూకే వేళకు వచ్చాడు. ఆకులో చుట్టిన మైనం ముద్ద మొలతాటి సంచిలోంచి తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "పుట్టతేనె మైనమే. బావ దాసిపెట్టిండు." కోడికూర చూసి ఆశ్చర్యపోయాడు. "ఏందే, ఎవరొచ్చిండ్రు?"

శ్యామల అత్త ముఖంలోకి చూసింది. గంగక్క చూపు తిప్పుకుంది. ఎట్లా చెప్పాలి? చెప్పాలంటే అరవాలి. దడి అవతల యశోద పొయ్యి ముందే కూర్చుని ఉంది. గంగక్క మొగుడి ముందు అన్నం పెట్టి, చేసైగతో తిను అంది.

జంపయ్య ఎముక చప్పరిస్తూ, పొద్దున్నే మొదటి మెట్టు మారుస్తానన్నాడు, కొస నుంచి మొదలుపెడతానన్నాడు. భయపడకు అన్నాడు. కోడి మంచిగుంది అన్నాడు.

జీపు తెల్లవారి ఎండ పొడుచుకు వస్తుండగానే వచ్చింది. రేంజర్, ఇద్దరు గార్డులు, వెనక తలొంచుకుని చిరంజీవి. ముందు సీట్లో ఉదయ్ భాస్కర్ కూర్చుని ఉన్నాడు. దిగలేదు. ఆ ఇంటిని మొదటిసారి చూస్తున్నట్టు చూస్తున్నాడు.

"కంప్లైంట్ వచ్చింది పెద్దాయనా. చూడాలె," అన్నాడు రేంజర్. మర్యాదగానే అన్నాడు.

జంపయ్యకు మాట వినబడకపోయినా ఆ బట్టలు కనబడ్డాయి. లేచి నిలబడి, గంగక్క వైపు ఒకసారి చూశాడు. మెట్లు ఇంకా మార్చలేదు గదా అన్న భయం ఆ చూపులో ఉంది. రెండు చేతులూ ముందుకు చాపాడు, బేడీలు వేసేవాళ్ళకు చాపినట్టు. గార్డు నవ్వి, "ఇంకా కాదు తాతా," అన్నాడు.

గడ్డివామును పొడిచారు. బియ్యం డబ్బా వంచారు. తర్వాత గార్డు అటకెక్కి చీర మూట దించి, వాకిట్లో అందరి ముందూ విప్పాడు. జనం మూగారు. గంగక్క కళ్ళు మూసుకుంది.

"ఇదేంది?" అన్నాడు రేంజర్. బొంగు పొడుగునా చెయ్యి పెట్టి చూశాడు. "దీనికి అసలు మెట్లే లేవు గదా?"

"చెద పట్టింది సారూ," అంది గంగక్క. "గీకి పెట్టిన."

రేంజర్ బొంగును వాసన చూశాడు. బూడిద వాసన తప్ప ఏముంటుంది? జీపులోకి చూశాడు. ఉదయ్ భాస్కర్ నల్లకళ్ళద్దాలు పెట్టుకున్నాడు. కాగితం మీద ఏదో రాయించుకుని, జంపయ్య వేలిముద్ర తీసుకుని, "జాగ్రత్తగుండండి," అని వాళ్ళు వెళ్ళిపోయారు.

దుమ్ము తగ్గకముందే వాకిట్లో మాటలు లేచాయి. యశోద ముక్కు మీద వేలేసుకుంది. "నిన్నటి కంపు గదేనా వదినా! నా దగ్గర గూడ కోడని బొంకినవు గదనే!" ఇంకెవరో, ఆడదాని తెలివంటే గట్లుండాలె అన్నారు. చిరంజీవి జీపెక్కకుండా ఆగిపోయాడు, ఒంటి మీద చెమట తుడుచుకుంటూ, "బతికిచ్చినవ్ పెద్దమ్మా. దొరికితే పెదనాయన ఈ వయసుల తట్టుకుంటడా?" అన్నాడు.

జంపయ్య వాకిట్లో చతికిలబడి కిన్నెరను ఒళ్ళో పెట్టుకున్నాడు. బొటనవేలు కొస నుంచి కిందికి జరిగింది, ఆగింది, వెనక్కి పోయింది, మళ్ళీ జరిగింది. కొసను పళ్ళ మధ్య కరిచి పట్టి తీగ మీటాడు. వేలు బొంగు మీద ఒకచోట నొక్కి మీటాడు. కొంచెం జరిపి మీటాడు. ఇంకొంచెం జరిపి మీటాడు. ఆ దవడ బిగుసుకోవడం గంగక్కకు కనబడింది. తిడతాడని, రెండు చరుస్తాడని ఆమె ఎదురుచూస్తోంది. ఆయన మళ్ళీ వేలు జరిపి మీటాడు.

శ్యామల వంగి, జనం ఉన్నారని కూడా చూడకుండా, చెవిలో అరిచింది. "మామా! అత్తమ్మ గిట్ల చెయ్యకుంటే నువ్వీపాటికి జైల్ల ఉంటుంటివి!"

ఆ మాట ఆయనకు పూర్తిగా అందింది. కొసను పళ్ళలోంచి తీసి, నోరు తుడుచుకున్నాడు.

"జైలుకు పోతే నేను తిరిగొస్తుంటి."